నిద్రకు దూరమైన కన్ను, కుంగిన హృదయం

సమస్త స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!



దివ్య ఖుర్ఆన్‌లోని ‘నబా’ సూరా భూమి, పర్వతాలు, ఆకాశాల సరసన నిద్రను కూడా దైవానుగ్రహంగా పేర్కొన్నది. ‘రూమ్’ సూరా దానిని అల్లాహ్ సూచనలలో ఒకటిగా పరిగణించింది. అట్టి అనుగ్రహానికి దూరమైనవారు మన సఫ్‌లలోనే ఉన్నారు. నడిరేయి మెలకువ వచ్చి, ఫజ్ర్ అజాన్ దాకా వారికి కన్ను మూతపడదు. పగలు ఏ పనిపైనా ఆసక్తి ఉండదు, అన్నం సయించదు. నమాజులో నిలిచినా మనసు లగ్నం కాదు. ఆ బాధ చెప్పుకుంటే, “నీ ఈమాన్ బలహీనమైపోయింది” అనే మాట ఎదురవుతుంది.

ఈ మాట అన్యాయం. యాఖూబ్ (అలై) పుత్ర వియోగ దుఃఖంలో కంటిచూపునే కోల్పోయారు. ఖదీజా (రజి), అబూ తాలిబ్ మరణించిన సంవత్సరాన్ని చరిత్ర ‘దుఃఖ సంవత్సరం’ అని పిలుస్తున్నది. ప్రవక్తల ఈమాన్‌ను శంకించగలవారెవరు?

నిద్రలేమి, మానసిక కుంగుబాటు ఒకదానినొకటి పెంచుతాయని వైద్యులు చెబుతున్నారు. కుంగిన మనసు నిద్రను చెదరగొడుతుంది. చెదిరిన నిద్ర మనసును మరింత కుంగదీస్తుంది. దీర్ఘకాలం నిద్రలేమితో బాధపడేవారికి తరువాత కుంగుబాటు కలిగే అవకాశం ఇతరులకంటే దాదాపు రెండింతలు. కొందరికి ఇదే వ్యాధి అతినిద్రగా కనిపిస్తుంది. కనుక ఫజ్ర్‌కు లేవలేని యువకుణ్ణి సోమరి అని తీర్మానించే ముందు అతని క్షేమం అడగండి.

ఈ జ్ఞానం మనకు కొత్త కాదు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒక వైద్యగ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా దేహం నుండి పుట్టే దుఃఖం వేరని అందులో వివరించారు.

దైవప్రవక్త (సఅసం) ఇషాకు ముందు నిద్రను, ఇషా తరువాత కాలక్షేపపు ముచ్చట్లను ఇష్టపడేవారు కారు. నేడు ఆ ముచ్చట్లు సెల్‌ఫోన్ రూపంలో పడకపైకే వచ్చాయి. రాత్రంతా ఆరాధనలో గడిపే అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు, దేహానికీ కళ్లకూ హక్కు ఉన్నదని వారు గుర్తుచేశారు. ఆరాధన కోసమైనా నిద్రను పూర్తిగా త్యజించరాదంటే, వ్యర్థ కాలక్షేపం మాటేమిటి?

నిద్ర పట్టడం లేదని, దువా చదివి ఊదమని కొందరు ఇమాముల వద్దకు వస్తారు. దువా తప్పక చేస్తాం. కానీ చికిత్స చేయించుకోమని ఆదేశించినది కూడా దైవప్రవక్తే (సఅసం). దిగులు, నిరాసక్తత రెండు వారాలు దాటితే వైద్యుణ్ణి కలవండి. మందుల దుకాణంలో నిద్రమాత్రలు అడిగి కొనుక్కోకండి. ప్రభుత్వ ‘టెలీ మానస్’ ఉచిత నంబరు 14416. ఎవరైనా బ్రతకాలని లేదంటే, మందలించకండి; ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చుని వినండి, వైద్యుని వద్దకు మీరే వెంట తీసుకువెళ్లండి.

దిగులు నుండి, దుఃఖం నుండి దైవప్రవక్త (సఅసం) తరచుగా అల్లాహ్ శరణు వేడేవారు. ఓ అల్లాహ్! మా రాత్రులకు ప్రశాంతతను, మా రోగులకు స్వస్థతను, వారిపట్ల మాకు దయను ప్రసాదించు. ఆమీన్.