రోడ్డే కరెంటు ఇస్తుందా?

మే నెల మధ్యాహ్నం తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్లకు ఆ వేడి ఏపాటిదో వేరే చెప్పక్కర్లేదు. అంత ఎండ ఊరికే పోతోంది కదా, తారు మీద సోలార్ పలకలు పరిస్తే రోడ్డే కరెంటు ఇస్తుంది కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. కొత్తగా భూమి సేకరించే పనిలేదు, పంటపొలాలు పోవు. కాగితం మీద లెక్క బ్రహ్మాండంగా కుదురుతుంది.

ఆ లెక్కను నేల మీద వేసి చూసిన దేశం ఫ్రాన్స్. నార్మండీ ప్రాంతంలోని టూరూవ్ర్ అనే చిన్న ఊరి దగ్గర, ఒక కిలోమీటరు పొడవునా 2,800 చదరపు మీటర్ల పలకలు అతికించారు. పలక మందం 7 మిల్లీమీటర్లే. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే బంకతో అంటించారు. ఖర్చు 50 లక్షల యూరోలు. 2016 డిసెంబరులో పర్యావరణ మంత్రి సెగొలేన్ రోయాల్ దాన్ని ప్రారంభించారు. 5,000 మంది జనాభా ఉన్న పట్టణంలో వీధి దీపాలకు సరిపడా కరెంటు వస్తుందన్నారు.

రాలేదు. మొదటి ఏడాది దాదాపు లక్షన్నర యూనిట్లు వచ్చాయి. 2018లో అది 78 వేలకు పడిపోయింది. పగుళ్లు, ఊడిన అతుకులు బయటపడ్డాయి. చుట్టూ పల్లెలు కాబట్టి ట్రాక్టర్లు తిరిగాయి. చెట్ల ఆకులు రాలి పలకల మీదే కుళ్లాయి. బండ్లు వెళ్తుంటే చప్పుడు ఎక్కువగా ఉందని వేగాన్ని గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించారు. ఊళ్లను కలిపే రోడ్ల రద్దీకి తమ పద్ధతి ఇంకా సిద్ధంగా లేదని 2019లో నిర్మాణ సంస్థే ఒప్పుకుంది.

నార్మండీలో మబ్బులు ఎక్కువ, ఎండ తక్కువ. అది నిజమే. అయినా 78 వేల యూనిట్లంటే, మన దగ్గర ఓ ఇరవై ఇళ్ల డాబాల మీద మూడేసి కిలోవాట్ల పలకలు ఏడాదిలో ఇచ్చే కరెంటుకు మించదు.

సోలార్ పలక చెడ్డదేం కాదు. దానికి రోడ్డు గిట్టదు, అంతే. డాబా మీద పలకను దక్షిణానికి వాల్చి, కింద గాలి ఆడేలా నిలబెడతారు. రోడ్డు మీద పలక వెల్లకిలా పడుకోవాల్సిందే. ఉత్తరాన ఉన్న దేశాల్లో సూర్యుడు పైకి లేవడమే తక్కువ కాబట్టి అక్కడ ఈ నష్టం పెద్దది. మన అక్షాంశాల్లో వాలు వల్ల పోయేది కొంచెమే, కానీ ఇక్కడ వేడి పగబడుతుంది. సిలికాన్ పలక 25 డిగ్రీలు దాటాక, పెరిగిన ఒక్కో డిగ్రీకీ సుమారు 0.4 శాతం కరెంటు తగ్గిస్తుంది. కింద గాలి ఆడకుండా నేలకు అతుక్కున్న పలక మన వేసవిలో 60 డిగ్రీలు దాటితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

పైగా టైరు జారకుండా పలక పైభాగం గరుకుగా, లారీ బరువుకు చితక్కుండా దళసరిగా ఉండాలి. అందుకోసం వేసే పూతే వెలుతురును కొంత మింగేస్తుంది. దుమ్ము, నూనె మరకలు ఇంకొంత మింగుతాయి.

అన్నింటికన్నా గట్టి దెబ్బ నీడది. పలకలోని సెల్స్‌ను దండలా వరసగా కలుపుతారు. ఒక్క సెల్ మీద నీడ పడితే ఆ వరసంతా నెమ్మదిస్తుంది, నీళ్లగొట్టాన్ని ఒకచోట కాలితో నొక్కితే చివర ధార సన్నబడినట్టు. రోడ్డు మీద వెళ్లే ప్రతి బండీ ఒక నీడే. వాహనాలు ఎంత ఎక్కువైతే కరెంటు అంత తక్కువ.

మరి లారీలు లేని చోట? నెదర్లాండ్స్‌లోని క్రొమ్మెనీలో 2014లో 70 మీటర్ల సైకిల్ బాట మీద పరిచారు. మొదటి ఆరు నెలల్లో 3,000 యూనిట్లు వచ్చాయి. అక్కడ కూడా చలికీ ఎండకీ పైపూత కొంత ఊడొచ్చింది. చైనాలోని జీనాన్‌లో 2017 చివర్లో హైవే మీద పరిస్తే ఇంకో చిత్రం జరిగింది. తెరిచిన వారం తిరక్కుండానే ఒక ముక్కను ఎవరో కోసుకుపోయారని వార్తలు వచ్చాయి.

పలకను చక్రాల కింద నుంచి తీసి తల మీదకు ఎత్తితే కథ మారుతుంది. గుజరాత్‌లో 2012లో మెహసాణా జిల్లా చంద్రాసన్ దగ్గర నర్మద కాలువ మీద 750 మీటర్ల మేర పలకలు కప్పారు. కరెంటుకు కరెంటు వచ్చింది, కాలువ నీళ్లు ఆవిరైపోవడమూ తగ్గింది. రామగుండంలో ఎన్టీపీసీ వాళ్లు జలాశయం మీదే 100 మెగావాట్ల పలకలు తేల్చారు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న తెరిచారు. దానికి 16 మెగావాట్ల పలకలే పైకప్పు. సైకిల్ తొక్కేవాళ్లకు నీడ దొరుకుతుంది, పలక మీద ఎవరి నీడా పడదు.

ఈ రోడ్ల పాఠం ఇంటి డాబాకూ పనికొస్తుంది. పలకలు పెట్టించుకోవాలనుకునేవాళ్లు వాటర్ ట్యాంకు, పక్కింటి మేడ, కొబ్బరిచెట్టు నీడలు ఎంతదాకా వస్తున్నాయో ఉదయం తొమ్మిదికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి సుద్దముక్కతో గీత గీసి చూసుకోవాలి. ఆ పరీక్ష డిసెంబరులో చేస్తే మేలు. ఏడాది మొత్తంలో నీడలు బాగా పొడుగ్గా సాగేది అప్పుడే.