అద్దె ఇంటికి వెళ్ళే ముందు
(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగములు: మత్తయి 4:13, యోహాను 19:25–27

 

పోయిన వేసవిలో, బడులు తెరవడానికి ముందు, ఎమ్మిగనూరు నుండి ఒక సహోదరుడు నాకు ఫోను చేశాడు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తాగా పని చేస్తున్నాడు. ఆదోని పత్తి మార్కెట్టు సంగతి మీకు తెలియనిది కాదు. దసరా దాటిందంటే పత్తి బండ్లు వరుస కడతాయి, మిల్లులు పొద్దుపోయేదాకా ఆడుతూనే ఉంటాయి. రెండు ఊళ్ళకు మధ్య దూరము సుమారు 30 కిలోమీటర్లే. అయినా ఉదయము 7 గంటలకు బస్సెక్కినవాడు సీజనులో తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి 10 అవుతోంది.

"అయ్యగారూ, పిల్లలు నా మొగం ఆదివారమే చూస్తాండారు. ఆదోనిలో రెండు గదుల ఇల్లు అద్దెకు చూసినాను. నా భార్య సరే అంటాంది. అమ్మ మాత్రం 'నేను యాడికీ రాను, మీరు పోండి నాయనా' అంటాంది. పోతే పాపమా? ఉంటే నష్టమా? దేవుని చిత్తమేందో చెప్పండి" అని అడిగాడు.

ప్రియులారా, ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. ఒక ఊరిలో కాపురము, మరొక ఊరిలో పని – ఈ దినములలో ఎందరి బ్రతుకో ఇట్లే ఉన్నది. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము వచ్చింది. పనికి వెళ్ళే మన సహోదరీలకు చార్జీ మిగిలింది, మంచిదే. గాని బస్సులో గడిచే గంటలు మిగల్లేదు గదా! కాబట్టి ఈ ప్రశ్నను వాక్యపు వెలుగులో చూద్దాము.

మొదటి సంగతి: పని కొరకు ఇల్లు మారుట పాపము కాదు. మన ప్రభువే నజరేతు విడిచి, సముద్రతీరమందున్న కపెర్నహూముకు వచ్చి కాపురమున్నాడు. డేరాలు కుట్టే అకుల ప్రిస్కిల్ల దంపతులను చూడండి. రోమా నుండి కొరింథుకు, కొరింథు నుండి ఎఫెసుకు, మరల రోమాకు వారు మారుతూ వచ్చారు. ఎఫెసులోను రోమాలోను వారి ఇంటిలో సంఘము కూడుకొన్నదని పౌలు పత్రికలలో చదువుతున్నాము. పౌలు కూడా రోమాలో రెండేళ్ళు అద్దె ఇంటిలోనే ఉన్నాడు. తన యొద్దకు వచ్చిన ప్రతివారికీ ఆ ఇంటి తలుపు తెరచియే ఉంచాడు. ఇల్లు సొంతమా అద్దెదా అని దేవుడు చూడడు. ఆ తలుపు ఎవరి కొరకు తెరచుకొంటున్నదో చూస్తాడు.

రెండవ సంగతి: లెక్క చూచుకోవాలి. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకోడా అని ప్రభువే అడిగాడు. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కుళాయి నీళ్ళు ఎన్ని దినములకు ఒకసారి వస్తాయి, పిల్లల బడి ఎంత దూరము? మిల్లులో ఓవర్‌టైము సీజనుకే వస్తుంది, అద్దె మాత్రము 12 నెలలూ కట్టాలి. ఇవన్నీ కాగితము మీద వ్రాయండి. ఇది అవిశ్వాసము కాదు, వివేకము.

అయితే లోతు కూడా లెక్క చూశాడు, ప్రియులారా. నీళ్ళు చూశాడు, పచ్చిక చూశాడు. తన పిల్లలు ఎవరి మధ్య పెరుగుతారో ఆ లెక్కలో వేయలేదు. మొదట సొదొమ దగ్గర గుడారము వేశాడు, తరువాత సొదొమలో కాపురమున్నాడు, చివరకు సొదొమ గవినియొద్దనే కూర్చున్నాడు. అతని లెక్కలో తప్పు లేదు, గాని లెక్కలోనికి రాని మనుష్యులు ఉన్నారు.

అందుకే ఆ సహోదరుని నేను ఒక్క మాట అడిగాను: "బాబూ, అమ్మ ఎందుకు రానంటోందో అడిగావా?" ఫోనులో కొంతసేపు మాట లేదు. "అడగలేదయ్యగారూ" అన్నాడు. బస్సు లెక్క వేశాడు, అద్దె లెక్క వేశాడు. కన్నతల్లి పక్కన పది నిమిషములు కూర్చోలేదు.

ఆ రాత్రి కూర్చొని అడిగాడట. వాళ్ళ ముందు గదిలో ఒక గుంత మగ్గము ఉన్నది. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘమును స్థాపించిన ఊరు గదా ఎమ్మిగనూరు. ఈ సహోదరుని తండ్రి కూడా నేతగాడే. బ్రతికినంత కాలము ఆ మగ్గము మీదనే నేసి ఈ కుమారుని చదివించాడు. ఆ తల్లి అన్నది: "నేను కూడా వస్తే ఈ ఇల్లు ఎవరికో బాడుగకిస్తారు. వాళ్ళు మగ్గం పీకేసి గుంత పూడుస్తారు. మీ నాయన కాళ్ళు పెట్టిన గుంత నాయనా అది."

ఆమె కుమారుని పనికి అడ్డుపడలేదు. తనను అడగకుండా తన బ్రతుకును సర్దేస్తారేమోనని భయపడింది.

ప్రియులారా, సిలువ దగ్గరకు రండి. ప్రభువు లోకపాపమంతా మోస్తున్న గడియ అది. అప్పుడు ఆయన తల్లి దగ్గరలో నిలిచి ఉన్నది. ఆ వేదనలో కూడా ఆయన ఆమెను చూచి, తాను ప్రేమించిన శిష్యునికి అప్పగించాడు. ఆ గడియ నుండి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొన్నాడు. తండ్రి పని కొరకు నజరేతు ఇంటిని విడిచినవాడు తల్లిని ఎవరికీ కాకుండా విడువలేదు. మూడవ సంగతి ఇదే: ఇల్లు విడువవచ్చును, మనిషిని దిక్కులేకుండా విడువరాదు.

ఆ కుటుంబము జూన్‌లో ఆదోనికి మారింది. ఎమ్మిగనూరు ఇల్లు బాడుగకు ఇవ్వలేదు, మగ్గము కదపలేదు. సంఘములోని ఒక సహోదరి రాత్రులు ఆ తల్లికి తోడు పడుకొంటోంది. శనివారము రాత్రికి పిల్లలతో అందరూ ఎమ్మిగనూరు చేరతారు, ఆదివారము పాత మందిరములోనే ఆరాధన. మూడవ నెలలో ఆమే బస్సెక్కి ఆదోనికి వెళ్ళి 10 దినములు ఉండి, అక్కడి నీళ్ళు బాగలేవని సణిగి వచ్చిందట! అందరూ ఇట్లే చేయాలని నేను చెప్పను. కొందరికి ఉండిపోవుటయే దేవుని చిత్తము కావచ్చును. అయితే వెళ్ళేవారు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోండి: బస్సులో మిగిలే ఆ గంటలు ఎవరికి ఇస్తారు? సెల్‌ఫోనుకా, పిల్లలకా? కుటుంబ ప్రార్థన లేని ఇల్లు మిల్లు పక్కనే ఉన్నా దూరమే.

సంఘములారా, మీకు కూడా ఒక మాట. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు పల్లెలలో పనులు లేక తాళాలు వేసి సుగ్గికి పోయేవారున్నారు. గుంటూరు మిరప చేలకు పోయే ఆ కూలీలకు పోవాలా ఉండాలా అని ఎంచుకొనే వీలు కూడా లేదు. వారి ముసలి తల్లిదండ్రులు అరుగుల మీద కూర్చొని ఉంటారు. సిలువ దగ్గర యోహానుకు అప్పగించబడిన పని ఈనాడు మన సంఘములకు అప్పగించబడింది. ఈ వారము ఒక తలుపు తట్టండి.

ప్రార్థించుకొందాము. పరలోకమందున్న మా తండ్రీ, ఉండాలా వెళ్ళాలా అని తెలియక నలుగుతున్న ప్రతి కుటుంబమునకు వివేకమును దయచేయుము. మేము వేసే లెక్కలలో మేము మరచినవారిని మాకు చూపించుము. వెళ్ళేవారికి తోడుగా ఉండుము, ఇంట మిగిలినవారికి నీడగా ఉండుము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.