చుక్క నెత్తురు ఎంతవరకు చెబుతుంది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల శ్రోతలతో ఇవాళ ఇంట్లోనే చేసుకునే రక్తపరీక్షల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ల్యాబుకు పోనక్కర్లేదు, వేలి మీద ఒక్క చుక్క చాలు, క్షణాల్లో ఫోన్‌లోకి రిపోర్టు వస్తుంది అని చెప్పే యంత్రాలు మార్కెట్లోకి వస్తున్నాయి. షుగరున్న పెద్దలు, కడుపుతో ఉన్న ఆడపిల్లలు ఉన్న ఏ ఇల్లయినా ఈ మాట వింటే ఆశపడుతుంది. ఆ ఆశలో తప్పేమీ లేదు. ఏ యంత్రాన్ని దేనికి నమ్మాలో తెలిస్తే చాలు.

ఇప్పుడైతే సూది కూడా అక్కర్లేదంటున్నారు. 2025 మే నెలలో హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో క్విక్ వైటల్స్ అనే అంకుర సంస్థ తయారుచేసిన 'అమృత్ స్వస్థ్ భారత్' పరికరాన్ని ప్రారంభించారు. కెమెరా ముందు ముఖం పెడితే నిమిషం లోపే బీపీ, గుండె వేగం, ఆక్సిజన్‌తో పాటు హిమోగ్లోబిన్, మూడు నెలల షుగరు సగటు, కొలెస్ట్రాల్ కూడా చెబుతుందని ఆ సంస్థ అంటోంది. ఇందులో ఒక సంగతి గమనించాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద నెత్తురు పొంగుతుంది, దానితో చర్మం మీంచి తిరిగొచ్చే వెలుతురు కొద్దిగా మారుతుంది. కెమెరా పట్టుకునేది ఆ మార్పునే. కాబట్టి గుండె వేగం లెక్కపెట్టడం దానికి సూటిగా చేతనైన పని. కొలెస్ట్రాల్ అలా కంటికి కనబడేది కాదు. వేలమంది లెక్కలు చూసి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ మీ ముఖం మీద వేసే అంచనా అది. అంచనాతో అనుమానపడొచ్చు, మందు మాత్రం మొదలుపెట్టకూడదు. పిల్లలకు సూది నొప్పి తప్పించాలన్న ఆలోచన నాకు నిజంగా నచ్చింది. అందుకే దాని అంకెలను నరం నుంచి తీసిన రక్తంతో పక్కపక్కన పెట్టి చూపించమని అడగాలంటాను.

అడగకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. 2003లో పందొమ్మిదేళ్ల ఎలిజబెత్ హోమ్స్ థెరానోస్ అనే కంపెనీ పెట్టింది. వేలి చుక్కతో వందల పరీక్షలు చేస్తామంది. 2013లో వాల్‌గ్రీన్స్ మందుల దుకాణాల్లో మామూలు జనానికి పరీక్షలు మొదలుపెట్టింది. చాలా పరీక్షలు తన యంత్రం మీద కాకుండా బయట కంపెనీల మామూలు యంత్రాల మీదే చేస్తోందని 2015 అక్టోబరులో వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి జాన్ కారీరూ బయటపెట్టాడు. మరుసటి ఏడాది తన ఎడిసన్ యంత్రాలు రెండేళ్లపాటు ఇచ్చిన ఫలితాలన్నీ చెల్లవని కంపెనీయే రద్దు చేసుకుంది. 2022లో ఆమెకు పదకొండేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. ఆ శిక్ష పెట్టుబడి పెట్టినవాళ్లను మోసం చేసినందుకు. రోగులను మోసం చేశారన్న అభియోగాలు జ్యూరీ ముందు నిలవలేదు. తప్పుడు రిపోర్టు పట్టుకుని తిరిగిన మనిషికి న్యాయం జరగడం ఎంత కష్టమో దీన్నిబట్టే అర్థమవుతుంది. మన జాగ్రత్త ముందే ఉండాలి.

అసలు చుక్కతో చిక్కేమిటి? వేలిని గట్టిగా పిండితే నెత్తురుతో పాటు కండలోని నీరు కూడా వచ్చి కలుస్తుంది. ఒకే వేలి నుంచి వరసగా తీసిన చుక్కల్లో కూడా హిమోగ్లోబిన్ ఒక్కో చుక్కలో ఒక్కోలా ఉంటుందని రైస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో చూపించారు. మన దేశంలోనూ ఇదే చర్చ నడిచింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో వేలి చుక్క తీసి, చేతిలో ఇమిడే యంత్రంతో హిమోగ్లోబిన్ చూశారు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి, ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. వేలి చుక్క వల్ల ఈ లెక్క ఎక్కువగా కనబడుతోందని శాస్త్రవేత్తలు వాదించారు. చివరకు రక్తహీనతను ఆ సర్వే నుంచి తప్పించి, నరం నుంచి రక్తం తీసి చూసే వేరే సర్వేకు మార్చారు. ఆ సర్వే బాధ్యత మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకే అప్పగించారు. అలాగని ఆ చిన్న యంత్రాన్ని అవతల పారేయమని కాదు. గర్భిణికి 11 గ్రాములకు తక్కువ చూపిస్తే వెంటనే దవాఖానాకు పోవాలి. 7 కంటే తక్కువైతే అది ప్రాణాపాయం, తెల్లవారేదాకా ఆగకూడదు.

ఇక చాలా ఇళ్లలో ఉన్న షుగరు మిషన్ సంగతి. ఇంట్లో చేసుకునే రక్తపరీక్షల్లో ఎన్నో ఏళ్లుగా నిలబడ్డది ఇది. అయినా దానికీ హద్దుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 100కి పైన ఉన్న అంకె 15 శాతం అటూఇటూగా ఉండొచ్చు. అంటే అసలు షుగరు 200 ఉంటే మిషన్ 170 చూపినా, 230 చూపినా దాని తప్పు కాదు. నిన్నటికంటే 20 పెరిగిందని గాబరాపడి మీ అంతట మీరు మాత్ర పెంచుకోకండి. రక్తం తక్కువున్నవాళ్లకు చాలా మిషన్లు షుగరును అసలు కంటే ఎక్కువ చూపిస్తాయి. మన దగ్గర రక్తహీనత ఇంతగా ఉంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

మామిడిపండు కోసిన చేత్తోనే పరీక్ష చేసుకుంటే వేలికంటిన తీపి కూడా లెక్కలోకి వస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే ఆ తీపి సరిగా పోదు. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకోండి. వేలి కొసన కాకుండా పక్కన పొడవండి, నొప్పి తక్కువ. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోండి. చుక్క రాకపోతే చెయ్యి కిందికి వేలాడదీయండి, వేలిని మాత్రం పిండకండి. స్ట్రిప్పుల డబ్బా మీద చాలా వాటికి 30 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది. భూపాలపల్లి మే ఎండల్లో రేకుల ఇంట్లో, బండి డిక్కీలో అవి ఎంత వేడెక్కుతాయో మీకు నేను చెప్పాలా? మూత బిగించి, నీడపట్టున చల్లటి చోట పెట్టండి. ఫ్రిజ్‌లో వద్దు, తేమ పడుతుంది.

నన్నడిగితే ఈ చిన్న పరికరాల అవసరం ఎక్కువున్నది పట్టణాల ఇళ్లల్లో కాదు. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ మండలాల గూడేలు, తండాలు, భూపాలపల్లి జిల్లా పలిమెల వైపు అడవి ఊళ్లు, వాటికి కావాలి. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బే చూడండి. 2047 నాటికి దాన్ని లేకుండా చేయాలని కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. వేలి చుక్కతో నిమిషాల్లో తేల్చే కిట్లు వచ్చాయి, కరెంటు లేని చోట కూడా పనిచేస్తాయి. భార్యాభర్తలిద్దరిలోనూ ఆ జబ్బు లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందే తెలుసుకోవడం ఎంత మేలో ఆలోచించండి. పాజిటివ్ వస్తే మాత్రం పెద్ద ల్యాబులో ఖాయం చేసుకోవాల్సిందే. అంకుర సంస్థలు పెట్టే మన పిల్లలు డబ్బున్న ఇళ్లకన్నా ముందు ఏఎన్ఎం సంచిలోకి వెళ్లే పరికరం తయారుచేస్తే నేను మనసారా సంతోషిస్తాను.

అమ్మడానికి వచ్చినవాళ్లను ధైర్యంగా అడగండి. పెట్టె మీద తయారీ లైసెన్సు నంబరో, దిగుమతి లైసెన్సు నంబరో ఉందా? ఏ పరీక్షకు అనుమతి వచ్చింది, షుగరుకా, అన్నిటికీనా? స్ట్రిప్పు ఒక్కోటి ఎంత పడుతుంది? మిషన్ చవకగా ఇచ్చి స్ట్రిప్పుల మీద నెలనెలా రాబట్టుకోవడం పాత వ్యాపారమే. ఊళ్లో శిబిరం పెట్టి రిపోర్టు చేతిలో పెడితే కింద ఎవరి సంతకం ఉందో చూడండి. ల్యాబు రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన డాక్టరు సంతకం ఉండాలని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది.

థైరాయిడ్, కిడ్నీ, కాలేయం, కొలెస్ట్రాల్ పరీక్షలకు ఇంటి యంత్రం మీద డబ్బు పోయకండి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకం ఉంది. జనగామ, మహబూబాబాద్‌లతో సహా 19 జిల్లాల్లో 2021 జూన్‌లో హబ్‌లు తెరిచారు. 57 రకాల పరీక్షలతో మొదలై 2023కి 134కి చేరింది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నమూనా ఇస్తే వాహనం హబ్‌కు తీసుకెళ్తుంది, పైసా ఖర్చుండదు.

ఈసారి అలా రక్తం ఇవ్వడానికి వెళ్లేటప్పుడు పరగడుపున వెళ్లండి, మీ షుగరు మిషన్ కూడా చేతబట్టుకు వెళ్లండి. నరం నుంచి రక్తం తీసిన వెంటనే మీ మిషన్‌తోనూ చూసుకుని ఆ అంకె రాసి పెట్టుకోండి. రిపోర్టు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టండి. తేడా 15 శాతం లోపుంటే ఆ మిషన్ వాడుకోండి. దాటితే కొత్త స్ట్రిప్పుల డబ్బాతో ఇంకోసారి చూడండి, అప్పటికీ దాటితే ఆ మిషన్ పక్కన పెట్టి డాక్టరుకు చెప్పండి. నమస్కారం.