విరగ్గొట్టినా పర్వాలేని ఫోన్
(యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అక్కలారా, అన్నలారా, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన తరగతుల్లో ఎప్పుడూ పోడు గురించి, పీసా గురించి, అటవీ హక్కుల గురించి మాట్లాడుకుంటం. ఈ పూట మీ జేబులో ఉన్న వస్తువు గురించి మాట్లాడతాను. ఫోన్ గురించి.

ఫోన్‌తో ఉద్యమానికేం పని అని మీరు అడగొచ్చు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు ఎన్ఎంఎంఎస్ యాప్‌లో వేయడం తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫోటో ఎక్కించాలన్నారు. అంటే గడ్డపార పట్టి చెమటోడ్చినా సరే, ఫోన్ ఒప్పుకుంటేనే హాజరు. కూలి దాకా వచ్చింది కాబట్టి ఫోన్ మన విషయమే.

రెండోది మన భాష. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరుతో ఉన్న గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంతకు ముందు ఏడాది, 2017లో, మసరాం గోండి లిపి చేరింది. సవర భాష కోసం పుట్టిన సోరా సోంపెంగ్ 2012లోనే చేరింది. మరి మీ ఫోన్‌లో ఈ అక్షరాలు కనబడుతున్నయా? ఫాంట్ లేని ఫోన్లలో డబ్బా డబ్బాలుగా కనబడతయి. యూనికోడ్‌లో చోటు దొరకడం పట్టా చేతికి రావడం లాంటిది. ఇక దున్నాల్సింది మనమే.

దున్నడానికి అడ్డేంటి? ఇంటికి ఒక్కటే ఫోన్. అందులోనే బ్యాంకు మెసేజ్, అందులోనే ఓటీపీ, అందులోనే చెల్లి చదువు. దాన్ని విప్పి ప్రయోగం చేద్దామంటే ఎవరికి ధైర్యం వస్తది? అందుకే మనం ఫోన్‌ను వాడేవాళ్లుగానే మిగిలిపోతున్నం, చేసేవాళ్లం కాలేకపోతున్నం.

కొత్త విత్తనం దొరికితే చేనంతా చల్లం కదా. ఒక మూల చిన్న మడి కట్టి, అందులో వేసి చూస్తం. చెడితే ఆ మడే చెడుతది, చేను చెడదు. ఫోన్ విషయంలో కూడా అట్లాంటి మడి కట్టొచ్చు. ల్యాప్‌టాప్ లోపల ఒక ఉత్తుత్తి ఫోన్‌ను నడపొచ్చు. దీన్నే ఎమ్యులేషన్ అంటారు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

దీనికి నేను చెప్పేది పోస్ట్‌మార్కెట్ ఓఎస్. 2017లో మొదలైన ఓపెన్ సోర్స్ ఫోన్ వ్యవస్థ ఇది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్ చెత్తకుప్పలోకి పోకూడదు, పదేళ్లయినా పనిచేయాలి అన్నది వాళ్ల ఆలోచన. ఆల్పైన్ లినక్స్ అనే చిన్న, తేలికైన వ్యవస్థ మీద కట్టారు. దాని కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు.

ఏం కావాలి? లినక్స్ ఎక్కించిన ల్యాప్‌టాప్ ఒకటి. హాస్టల్లో పదిమందికీ కలిపి ఒకటున్నా చాలు. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి, 4 జీబీ ఉంటే ఓపిక పట్టాలి. డిస్కులో 20 జీబీ దాకా ఖాళీ పెట్టుకోండి. ఇంకొక పని మొదట్లోనే చేయాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే బయోస్‌లోకి పోయి వర్చువలైజేషన్ అనే మీట ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలామంది ఇది చూడకుండానే 'నత్తలా నడుస్తుంది' అని వదిలేస్తారు.

తర్వాత పీఎంబూట్‌స్ట్రాప్ అనే పనిముట్టు దించుకోవాలి. దానికి మూడు ఆదేశాలు చాలు, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. మొదటిది 'ఇనిట్'. ఇది మనల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతది. ఏ ఫోన్ అని అడిగినప్పుడు క్యూఈఎంయూ అని, అందులో ఏఎండీ64 అని చెప్పండి. పేరు చూసి కంగారు పడొద్దు, ఇంటెల్ ల్యాప్‌టాప్‌కు కూడా ఇదే. అసలు ఫోన్ల చిప్పులు ఎక్కువగా ఏఆర్ఎం రకం. దాన్ని ఎంచుకుంటే ల్యాప్‌టాప్ ప్రతి ఆదేశాన్నీ అనువాదం చేసుకుంటూ పోవాలి, అందుకే మెల్లగా నడుస్తది. మన ల్యాప్‌టాప్ రకాన్నే ఎంచుకుంటే అనువాదం గొడవ ఉండదు. తెర ఎట్లా ఉండాలి అని అడిగితే ఫోష్ అనో ప్లాస్మా మొబైల్ అనో చెప్పండి. రెండో ఆదేశం 'ఇన్‌స్టాల్'. ఇక్కడ నెట్ బాగా కావాలి కాబట్టి సిగ్నల్ ఉన్న చోట కూర్చోండి. మూడోది 'క్యూఈఎంయూ'. కిటికీ ఒకటి తెరుచుకుని అందులో ఫోన్ లేస్తది.

మడికి గట్లు ఎక్కడున్నయో కూడా తెలుసుకోవాలి. ఇందులో రెండు గట్లున్నయి. మొదటిది క్రూట్. కావాల్సిన సామానంతా ఒక ఫోల్డర్లో పెట్టి, ఆ ఫోల్డరే మొత్తం కంప్యూటర్ అన్నట్టు ప్రోగ్రాములకు చూపించడం. యూనిక్స్ కాలంలో, 1979 నుంచే ఉన్న పద్ధతి ఇది. మన ఫైళ్లు, ఆ సామాను కలిసిపోకుండా కాపాడుతది. కానీ దొంగను ఆపే గోడ మాత్రం కాదు, రూట్ అధికారం ఉన్నవాడు దాటి రాగలడు. రెండోది క్యూఈఎంయూ. ఇది ఒక పూర్తి యంత్రాన్నే నటిస్తది కాబట్టి గట్టి గట్టు. లోపలి ఫోన్ నెట్‌లోకి పోగలదు, బయటివాళ్లు మాత్రం మనం తలుపు తెరిస్తే తప్ప నేరుగా లోపలికి రాలేరు. అయినా ఒక నియమం పెట్టుకుందాం. ఈ ఫోన్‌లో మీ ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు, అసలు పాస్‌వర్డ్ పెట్టొద్దు. అది నేర్చుకునే చోటు, దాచుకునే చోటు కాదు.

ఇప్పుడు అసలు పని. నోటో అనే ఉచిత ఫాంట్ల కుటుంబంలో గుంజాల గోండి, మసరాం గోండి, సోరా సోంపెంగ్ మూడింటికీ ఫాంట్లున్నయి. ముందు ఫాంట్ లేకుండా ఒక పేరా తెరిచి డబ్బాలు చూడండి. తర్వాత ఫాంట్ ఫైలును లోపలి ఫోన్‌లోకి పంపి, ఫాంట్ల ఫోల్డర్లో పెట్టి, మళ్లీ తెరవండి. డబ్బాలున్న చోట అక్షరాలొస్తయి. అక్కడితో ఆగొద్దు. ఒత్తులు సరిగ్గా పడుతున్నయా? చిన్న తెర మీద గుణింతాలు గుర్తుపట్టేట్టు ఉన్నయా? ఊర్లో లిపి తెలిసిన పెద్దమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. ఆయన తప్పంటే తప్పే. ఏ కంపెనీ ఇంజనీరుకూ లేని ఆస్తి అది. ఆ తప్పులు రాసి పెట్టి ఫాంట్ చేసేవాళ్లకు పంపాలి. కీబోర్డు చేయాలంటే ఏ అక్షరం ఎక్కడుండాలో కూడా ఇట్లనే తేల్చాలి.

ఈ ప్రయోగాల్లో ఫోన్ చెడిపోతే ఏం చేయాలి? 'జాప్' అనే ఆదేశం కొడితే క్రూట్‌లన్నీ తుడిచిపెట్టుకుపోతయి. మళ్లీ 'ఇన్‌స్టాల్' కొట్టండి, కొత్త ఫోన్ వస్తది. అందుకే పని చేసిన ఫాంట్లు, రాతలు లోపలి ఫోన్‌లో ఉంచకుండా బయట దాచుకోండి.

ఇది చేయలేని పనులు కూడా చెప్పాలి. ఇందులో సిమ్ లేదు, కాల్ పోదు. బ్యాటరీ ఎంతసేపు ఆగుతదో, ఎండలో తెర కనబడుతదో, గుట్ట మీద సిగ్నల్ దొరుకుతదో ఇది చెప్పలేదు. ఆఖరి పరీక్ష అసలు ఫోన్ మీదే, మన ఊర్లోనే. కానీ అక్కడికి పోయేసరికి మన చేతికి భయం పోయి ఉంటది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఒకటే కోరిక. ఈ నెలలో ప్రతి హాస్టల్ నుంచి ముగ్గురు ఒక జట్టు కట్టండి. అందులో ఒక్కరైనా అమ్మాయి ఉండాలి. ఒకరు ఆదేశాలు కొట్టండి, ఒకరు నోట్‌బుక్‌లో రాయండి, ఒకరు పెద్దలను పిలుచుకు రండి. మన అక్షరం తెర మీద సరిగ్గా పడ్డదా లేదా అని తేల్చే అధికారం మనదే. ఆ అధికారం వాడుకోవాలంటే పని కూడా మనకే తెలిసుండాలి.

జై ఆదివాసీ!