ముందు రొట్టె, తర్వాత మాట

మేము బోధకులం కాదు, దుబాయ్ సైట్లలో పనిచేసే సూపర్‌వైజర్లం. ఈ సభలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. అయినా దేవుడు మనిషితో ఎలా మాట్లాడతాడో బైబిల్లోంచి నాలుగు మాటలు చెప్పమన్నారు, అందుకే నిలబడ్డాం.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త సంగతి ఉంది. కర్మెలు కొండమీద అంత పెద్ద గెలుపు చూసినవాడు, చంపిస్తానని యెజెబెలు రాణి కబురు పంపగానే పారిపోయాడు. బెయేర్షెబాలో తన పనివాణ్ణి వదిలేసి, ఒంటరిగా ఎడారిలోకి ఒక రోజు దారి నడిచాడు. ఒక చెట్టు కింద కూలబడి, ఇక బతకలేనని దేవుడితో చెప్పుకుని నిద్రపోయాడు.

దేవుడు కోప్పడలేదు. విశ్వాసం తక్కువైందని దెప్పలేదు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తలదగ్గర నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు ఉన్నాయి. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, పోవాల్సిన దూరం చాలా ఉంది కాబట్టి తినమన్నాడు. ఆ బలంతో 40 పగళ్లు, 40 రాత్రులు నడిచి హోరేబు కొండ చేరాడు. అక్కడ పెనుగాలి, భూకంపం, మంట వచ్చాయి. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత మెల్లని స్వరం వినపడింది. ఇక్కడేం చేస్తున్నావని అడిగింది. ఏలీయా అదే గోడు రెండోసారి చెప్పుకున్నా దేవుడు విన్నాడు.

మాకు ఇది తప్పు చేశాకే అర్థమైంది. మా క్యాంపులో ఒక తమ్ముడికి మూడు నెలలు జీతం రాలేదు. ఊళ్లో వీసా కోసం చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతోంది. మెస్సుకు రావడం మానేసి, మంచానికి పరదా కట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవాడు. మేము టైమ్‌షీట్‌లో ఆబ్సెంట్ వేశాం. శుక్రవారం వెళ్లి, విశ్వాసం ఉంచు తమ్ముడూ అని చెప్పి వచ్చేశాం.

మెస్సులో వండే బాబాయ్ మాత్రం అన్నం, పప్పుచారు పళ్లెంలో పెట్టుకెళ్లి పక్కన కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. మూడో రాత్రి, నాకు బతకాలని లేదు బాబాయ్ అని ఆ తమ్ముడు నోరు విప్పాడు. ఆ రాత్రి నుంచి అతన్ని ఒంటరిగా వదల్లేదు. ఆ వారమే డాక్టరు దగ్గరికి, తర్వాత కార్మిక శాఖలో ఫిర్యాదుకు వెంట వెళ్లాం. జీతం రెండు దఫాలుగా వచ్చింది. అప్పు ఇంకా ఉంది. తమ్ముడూ ఉన్నాడు, షట్టరింగ్ పనికి వెళ్తున్నాడు.

నేనొక్కడినే మిగిలానన్నాడు ఏలీయా. ఇంకా 7,000 మంది ఉన్నారని దేవుడు చెప్పి, చేయాల్సిన పని అప్పగించాడు, ఎలీషాను తోడిచ్చాడు. దారి చూపించడమంటే అదే అనుకుంటున్నాం.

అందుకే ఇప్పుడు మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరైనా రెండు పూటలు మెస్సుకు రాకపోతే, ఆబ్సెంట్ రాసేముందు గదికి వెళ్లి చూస్తాం. చేతిలో పళ్లెంతోనే వెళ్తాం. మీరూ అలాగే చేయండి. మీకే అలా ఉంటే, పరదా తీసి పక్క మంచం వాణ్ణి లేపండి. కాన్సులేట్ దగ్గర ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉంది, అక్కడికి తోడు మేము వస్తాం. సెలవు.