ఇచ్చేవాళ్ళు ఉన్నారు, చూసుకునేవాళ్ళు కావాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



'ఆర్థిక సంస్థలు - సమాజ సేవ' అనే విషయం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు పురమాయించారు. నేను బ్యాంకు మనిషిని కాను. పంపులు, పైపులతో ముప్పై ఏళ్ళు గడిపిన ఇంజనీరుని. అయితే ఒక ఆర్థిక సంస్థ మన బడికి ఇచ్చిన విరాళం నా చేతుల మీదుగా వచ్చింది, నా అజాగ్రత్త వల్లే కొన్నాళ్ళు మూలన పడింది. ఆ సంగతి మీ ముందు చెప్పుకోవడానికే ఒప్పుకున్నాను.

ముందు మన బందరు మాట. 1923 నవంబరులో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. అప్పటి చెల్లింపు మూలధనం లక్ష రూపాయలు. ఆ తరువాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు కూడా ఆయన చొరవతోనే వచ్చాయి. ఆ రోజుల్లో డబ్బు పెట్టినవాడూ, అప్పు తీసుకున్నవాడూ ఒకే ఊళ్ళో ఎదురుపడేవారు. మంచి జరిగినా చెడు జరిగినా తెల్లారేసరికి తెలిసిపోయేది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇవాళ పెద్ద ఆర్థిక సంస్థల నిర్ణయాలు చాలావరకు మహానగరాల్లో జరుగుతాయి. బడికి డబ్బు మంజూరు చేసే అధికారి ఆ బడిని ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. ఈ దూరాన్ని మనం గుర్తుపెట్టుకోవాలి.

ఇక చట్టం సంగతి. 2013 నాటి కంపెనీల చట్టంలో 135వ సెక్షను ఉంది. 2014 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్ల రూపాయలు, ఆపైన ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ప్రైవేటు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, ప్రైవేటు బీమా కంపెనీలు దీని కిందికి వస్తాయి. జాతీయ బ్యాంకులు వేరే చట్టాల కింద ఏర్పడ్డాయి కనుక వాటి లెక్క వేరు. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షనులోనే ఉంది. అంటే మన ఊళ్ళో శాఖ నడిపే సంస్థను మన బడి కోసం అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. మర్యాదగా అడగవచ్చు.

అలా అడిగిన వారిలో నేనొకణ్ణి. మన వైపు బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయని మీకు చెప్పక్కర్లేదు. ఎనిమిదేళ్ళ కిందట ఒక ఆర్థిక సంస్థను పట్టుకుని, బడికి ఆర్‌ఓ మంచినీళ్ళ ప్లాంటు పెట్టించాను. ఖర్చు 4 లక్షలు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు పని పూర్తి కావాలన్నారు కనుక మార్చి నెలలో ఆదరాబాదరాగా ప్రారంభోత్సవం జరిగింది. రిబ్బను, శిలాఫలకం, ఫోటోలు, పేపర్లో వార్త. నేను కాలరు ఎగరేసుకుని తిరిగాను.

ఆ మరుసటి ఏడాది చివర్లో వేరే పని మీద హెడ్‌మాస్టరు గారికి ఫోను చేశాను. మాటల మధ్యలో మెల్లగా అన్నారు: "సార్, మీ ప్లాంటు ఆగిపోయి నాలుగు నెలలైందండి. పిల్లలు ఇంటి దగ్గర్నుంచి సీసాలు తెచ్చుకుంటున్నారు. చెబితే మీరు ఏమనుకుంటారోనని ఊరుకున్నాం."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువు పాడైతే దుకాణానికి వెళ్ళి నిలదీస్తాం. దానంగా వచ్చింది పాడైతే నోరు పెగలదు. ఇచ్చినవాళ్ళు నొచ్చుకుంటారని భయం.

వచ్చి చూశాను. శిలాఫలకం తళతళలాడుతోంది, కుళాయి ఎండిపోయి ఉంది. ఫిల్టర్లు ఒక్కసారి కూడా మార్చలేదు. బురద పట్టి, మెంబ్రేన్ మూసుకుపోయి, మోటారు సీలు పోయింది. ఇంటికి వెళ్ళి ఒప్పందం కాగితాలు తీశాను. నిర్వహణ ఒక్క ఏడాదే అని చివరి పేజీలో స్పష్టంగా రాసి ఉంది. దాని కింద సంఘం తరఫున ఉన్న సంతకం నాదే. రోజూ యంత్రాలతో పనిచేసేవాణ్ణి, ఫిల్టరు మార్చకపోతే ఏమవుతుందో తెలియనివాణ్ణి కాను. ఆ సంస్థ ఇస్తానన్నది ఇచ్చింది. తప్పు పూర్తిగా నాది.

మా బ్యాచ్ మిత్రుడొకడు ఇదే ఊళ్ళో మోటార్లు వైండింగు చేస్తాడు. వాణ్ణి పిలిచాను. మూడు రోజులు పట్టింది, సామాన్లకు 31 వేలు అయింది. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ వాడన్నాడు: "ఒరేయ్, ఫోటోలో నిలబడ్డానికి అందర్నీ పిలిచారు. గది తాళంచెవి ఎవరి దగ్గరుండాలో ఎవరూ అడగలేదు." ప్రారంభోత్సవానికి వాణ్ణి మేం పిలవలేదు. అప్పట్నుంచి తాళంచెవి వాడి దగ్గరే ఉంది. ఏ రోజు ఏది మార్చాడో ఒక నోటు పుస్తకంలో రాసిపెడుతున్నాడు. ప్లాంటు ఇవాళ్టికీ నడుస్తోంది.

ఈ అనుభవంతో మన సంఘానికి మూడు మనవులు.

మొదటిది, అడగబోయే ముందు ఉపాధ్యాయులను అడుగుదాం. మొన్న సైన్సు మాస్టారు చెప్పారు, ఆయనకు కావలసింది కొత్త కంప్యూటర్లు కావట, ప్రయోగశాలలో నీళ్ళు వచ్చే సింకు, నాలుగు డజన్ల పరీక్షనాళికలట. కంపెనీ జాబితాలో ఏముందో చూసి మన అవసరం కల్పించుకోవద్దు.

రెండోది, సంఘాన్ని కాగితాల మీద గట్టిపరుద్దాం. కంపెనీ మన ద్వారా డబ్బు ఖర్చు పెట్టాలంటే మనకు ఆదాయపు పన్ను చట్టం కింద రిజిస్ట్రేషన్లు, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 ఫారం దాఖలు చేసి నంబరు కూడా తీసుకోవాలి. ఇంకో సంగతి. ఈ డబ్బుతో కొన్న ఆస్తిని కంపెనీ తన పేర ఉంచుకోకూడదని అదే ఏడాది నిబంధనల్లో చేర్చారు. అంటే వచ్చిన వస్తువు మనది. మనది కనుక బాగోగులూ మనవే.

మూడోది, నిర్వహణ నిధి. ఆ ప్లాంటుకు ఏడాదికి సగటున 18 వేలు అవుతోంది. 5 లక్షలు బ్యాంకులో వేస్తే 6 శాతం వడ్డీ మీద 30 వేలు వస్తాయి. ప్లాంటుకు పోను మిగిలినది ప్రయోగశాల చూసుకుంటుంది. కొత్తగా ఏ విరాళం వచ్చినా, 'రెండో ఏడాది నుంచి దీన్ని ఎవరు చూస్తారు, డబ్బు ఎక్కడిది?' అన్న ప్రశ్నకు జవాబు రాసుకున్నాకే సంతకం పెడదాం. జవాబు లేకపోతే, దండం పెట్టి వద్దందాం.

మనలాగే స్వర్ణోత్సవం చేసుకున్న ఒక ఆర్థిక సంస్థను తలుచుకుని ముగిస్తాను. 1956 సెప్టెంబరు 1న ఏర్పడిన జీవిత బీమా సంస్థ, 2006లో యాభై ఏళ్ళు నిండినప్పుడు గోల్డెన్ జూబిలీ ఫౌండేషన్ అని ఒకటి పెట్టింది. పేదింటి పిల్లల పై చదువులకు దాని పేరు మీద ఉపకార వేతనాలు ఇస్తూ వచ్చారు. పండుగ అయిపోయాక కూడా ఏళ్ళ తరబడి సాగే పని అది. మన స్వర్ణోత్సవానికి గుర్తుగా ఈ చిన్న నిధి మొదలుపెడదాం. నా వంతుగా 50 వేలు ఇవాళే కోశాధికారి గారికి ఇచ్చాను. అది విరాళం కాదు, నేను చదవకుండా సంతకం పెట్టిన ఆ చివరి పేజీకి జరిమానా అనుకోండి.

భోజనాల తరువాత ఒకసారి ప్లాంటు దగ్గరికి రండి. గ్లాసుడు నీళ్ళు తాగండి. గోడకు వేలాడే నోటు పుస్తకం తిరగేయండి. చూసుకునే చేతులు ఇప్పటికి రెండే ఉన్నాయి. ఈ ఊళ్ళోనే ఉంటున్నవాళ్ళు ఇంకో ఇద్దరు పేర్లు రాసి వెళితే, మా వాడికి ఒంట్లో బాగాలేని రోజున కూడా పిల్లలకు నీళ్ళు వస్తాయి.