అచ్చు గుమాస్తా చాటున దూరే దొంగలు
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆఫీసు కంప్యూటర్లో సభ్యుల పేర్లున్నయి. అట్రాసిటీ కేసుల కాగితాలున్నయి. సాక్షుల ఫోన్ నంబర్లున్నయి. "పాస్‌వర్డ్ పెట్టినం గదా, ఎవడొస్తడు?" అంటున్నరు. ఇంట్లో పనిచేసేటోణ్ణే దొంగ లోబరుచుకుంటే తలుపు తాళం ఏం జేస్తది?

విండోస్‌లో ప్రింట్ స్పూలర్ అని ఒకటుంది. మనం ప్రింట్ కొడితే కాగితాలను వరసలో పెట్టి ప్రింటరుకు అందించే గుమాస్తా అది. పని చిన్నదే, కానీ దానికిచ్చిన అధికారం 'సిస్టమ్' స్థాయిది, అంటే కంప్యూటర్లో అన్నిటికన్న పైది. 1984లో రద్దయ్యేదాకా కరణాన్ని చూసినోళ్లకు ఇది వేరే చెప్పాల్నా? ఆయన పక్కన కూచొని కలం పట్టినోడి రాత కూడా ఆయన రాత కిందే చెల్లేది.

2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్, ఇరాన్ నతాంజ్ అణుకేంద్రం మీదికి వదిలినది, ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పాకడానికి వాడుకున్న దారుల్లో ఈ గుమాస్తా ఒకటి. 2021లో మళ్లీ అదే గుమాస్తా! ఈసారి పేరు ప్రింట్‌నైట్‌మేర్. మామూలు లాగిన్ ఉన్నోడు కూడా ప్రింటర్ డ్రైవరని చెప్పి తన సరుకు అందిస్తే, స్పూలర్ దాన్ని సిస్టమ్ అధికారంతో నడిపేది. మైక్రోసాఫ్ట్ జులై 6న అత్యవసర మరమ్మతు వదిలింది. అప్పటికే మద్దతు ఆపేసిన విండోస్ 7కు కూడా ఇయ్యాల్సొచ్చింది. ఎంత భయపడ్డరో చూడండి.

ఇగ పాతుకుపోయే సంగతి. స్పూలర్ మొదలైనప్పుడల్లా 'ప్రింట్ ప్రాసెసర్' అనే సహాయక ఫైళ్లను పిలుస్తది. ఆ పట్టీలో దొంగ తన ఫైలు పేరు ఎక్కించుకున్నడా, కంప్యూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా విండోసే వాణ్ణి లేపి కూచోబెడ్తది. దక్షిణ కొరియా, తైవాన్ వీడియో గేమ్ కంపెనీల్లో దూరిన పైప్‌మాన్ ఇట్లనే బతికిందని 2020లో ఈసెట్ సంస్థ బయటపెట్టింది.

ఆ పట్టీలో పేరెక్కించాలంటే అడ్మిన్ హక్కు కావాలె. మరి మనోళ్లు ఉత్తరాలు టైపు చేసేది, సినిమాలు చూసేది అంతా అడ్మిన్ ఖాతాతోనే! పైగా దొంగ కాపీ విండోస్, అప్‌డేట్లు బందు. బయటోడు కష్టపడాల్సిన పనే లేదు.

రోజువారీ పనికి మామూలు ఖాతా వేరే తెరవండి. అప్‌డేట్లు ఆపొద్దు. ప్రింటరే లేని కంప్యూటర్లో స్పూలర్‌ను బందు పెట్టించండి, నష్టమేమీ లేదు. సాక్షుల నంబర్లు మాత్రం నెట్టు తగిలే కంప్యూటర్లో అసలు వద్దు. ఈ వారంలోనే నోటుపుస్తకంలోకి ఎక్కించి బీరువాలో పెట్టండి.